గేటు దగ్గర నిలబడ్డ దానియేలుకి

దానియేలూ,

ఎలా ఉన్నావని అడగడం తెలివితక్కువ పని. నువ్వు పోయి పదకొండు నెలలైంది. పిస్కాటవేలో అదే అపార్ట్‌మెంట్‌లో, అదే వంటింటి టేబుల్ దగ్గర కూర్చుని రాస్తున్నాను. నీ గదిలోకి కొత్త కుర్రాడు వచ్చాడు, తణుకు వాడు. మంచివాడే. నీ ప్లేట్లు మాత్రం ముట్టుకోవద్దని చెప్పాను. ఎందుకని అడిగాడు. చెప్పడం మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియక, ఊరికే... వద్దులే అన్నాను.

ఆదివారం నీ సమాధి రాయి మీద కప్పిన గుడ్డ తీస్తారు. ఏడాది తిరిగేలోపు అలా చెయ్యడం మీ పద్ధతట కదా. మందిరం కమిటీ వాళ్ళు నన్ను మూడు నిమిషాలు మాట్లాడమన్నారు. ఏం మాట్లాడాలో కూడా వాళ్ళే టైప్ చేసి ఈమెయిల్‌లో పంపారు. నాలుగుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ రోత పుట్టింది రా. పాచిపోయిన కూర తెలియక నోట్లో పెట్టుకున్నట్టు.

అందులో నువ్వు వీరుడివి. "మమ్మల్ని కాపాడుతూ ప్రాణాలు ఇచ్చాడు" అని ఉంది. ఎవరి నుంచి కాపాడావో మాత్రం లేదు. కారు అన్న మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు.

నువ్వు చదివి ఉంటే నవ్వేవాడివి. నీకు అన్నిటికీ నవ్వే. నాకు ఆ విద్య రాలేదు.

మొదటి వారం గుర్తుందా? నువ్వు గదిలో దిగిన మర్నాడే ఐసెలిన్ వెళ్ళి కొత్త ప్లేట్లు కొనుక్కొచ్చావు. కొన్నిటి అడుగున నీలం టేపు అంటించి, పై అరలో వేరేగా పెట్టావు. పాలకి ఇవి, మాంసానికి అవి, నీ గిన్నెలు నావి కలవకూడదు అన్నావు. నాకు ఒళ్ళు మండింది. మా గిన్నె ముట్టుకోడా వీడు, అనుకున్నాను. రెండు రోజులు నీతో మాట్లాడలేదు. మా ఇంట్లో వెనక వరండాలో తూము పక్కన ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉండేది. పొలం పనికి వచ్చే, మీలాంటి ఊరి చివరి పేట వాళ్ళ కోసం. దాన్ని చూస్తూ పెరిగినవాడికి, నీ ప్లేటు చూడగానే అవమానం జరిగినట్టు అనిపించింది. నాకు. అవమానం. సిగ్గు లేకపోతే సరి.

మూడో రోజు నువ్వే కదిపావు. "ఒరేయ్ వంశీ, మా తాతకి మీ ఇళ్ళల్లో వేరే గ్లాసు ఉండేది. అది మీరు పెట్టారు. ఇది నేను పెట్టుకున్నాను. ఈ తేడా తెలిస్తే నువ్వు మనిషివైనట్టే. ఇక టీ పెట్టు."

టీ పెట్టాను. నీ కప్పులో నీకు, నా కప్పులో నాకు.

గుంటూరు జిల్లాలో తెలుగు మాట్లాడే యూదులు ఉన్నారని అప్పటిదాకా నాకు తెలియదు. మా ఊరికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో మీ యాభై కుటుంబాలు శుక్రవారం సాయంత్రం దీపాలు పెట్టుకుంటుంటే, నేను న్యూజెర్సీ వచ్చి తెలుసుకున్నాను. మీ వాళ్ళలో అమెరికా దాకా వచ్చిన మొదటివాడివి నువ్వు. పగలు మందుల కంపెనీ ల్యాబ్‌లో పని, శనివారం పొద్దున పసుపు జాకెట్ వేసుకుని ప్రార్థన మందిరం గేటు దగ్గర కాపలా. జీతం లేని పని. ఎండైనా, మంచైనా. ఎందుకురా నీకీ తద్దినం అంటే, "మా తాత జొన్నచేలో మంచె మీద కాపలా ఉన్నాడు. పిట్టల్ని వడిసెలతో కొట్టేవాడు. మాది కావలి కాసే వంశం. అక్కడ ఒకళ్ళ చేను, ఇక్కడ మా వాళ్ళ గుడి. ప్రమోషన్ వచ్చింది రా" అనేవాడివి.

నీ పర్సులో ఒక చిన్న బొమ్మ ఉండేది. ఏదో పాత పత్రికలోంచి మీ తాత కత్తిరించింది. గుర్రం మీద ఒక కుర్రాడు, భుజానికి తుపాకి, పద్దెనిమిదేళ్ళు కూడా ఉండవు. వందేళ్ళ కిందట ఎక్కడో దూరదేశంలో యూదులు కొత్తగా పొలాలు వేసుకున్న చోట పంట కాపలాకి వెళ్ళి, తిరిగి రాని కుర్రాడు. పేరు మీ తాతకీ తెలియదు. నువ్వు పుట్టినప్పటినుంచీ ఆ కథ వింటూ పెరిగావు. ఆస్పత్రిలో నీ పర్సు నాకు ఇచ్చారు. బొమ్మ నా దగ్గరే ఉంది.

ఆ కథ గురించి నువ్వన్న మాట ఈ మధ్య నన్ను వదలడం లేదు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

అసలు ఆ మందిరం వాళ్ళు నిన్ను ఏమని అనుకున్నారు దానియేలూ? ఇది నిన్ను అడగాలని ఎన్నిసార్లు అనుకున్నానో...

ఆ జనవరి శనివారం. మంచు పడి రోడ్లన్నీ మూసుకుపోతే, లోపలికి తొమ్మిదిమందే వచ్చారు. కొన్ని ప్రార్థనలు మొదలుపెట్టాలంటే పదిమంది ఉండాలట. పదోవాడివి నువ్వు గేటు దగ్గరే ఉన్నావు, కాళ్ళు తిమ్మిరెక్కి. నిన్ను పిలవలేదు. నువ్వు యూదుడివేనని వాళ్ళ మతగురువులు రాసిచ్చే కాగితాలు ఇంకా పూర్తి కాలేదు కాబట్టి నువ్వు లెక్కలోకి రావట. ఎవరో ముసలాయనకి కబురు పంపి, ఆయన మంచులో పడుతూ లేస్తూ వచ్చేదాకా నలభై నిమిషాలు ఆగారు. ఆయన్ని చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది నువ్వే.

ఇంటికి వచ్చి సాక్సులు ఆరేస్తూ చెప్పావు. "బయట నిలబడటానికి సరిపోయాను. లోపల పదోవాడిగా సరిపోలేదు. ఫర్లేదులే, అక్టోబర్‌లో ఆ కాగితాల పరీక్ష అయిపోతుంది." నేను తిట్టాను. వాళ్ళని తిట్టకు అన్నావు. నీకు కోపం రాలేదా? లేక నాకు కనపడనివ్వలేదా?

మన వాళ్ళు ఏమైనా తక్కువ తిన్నారా. తెలుగువాళ్ళ పిక్నిక్‌కి నిన్ను లాక్కెళ్ళింది నేనే. చికెన్ గ్రిల్ దగ్గర ఒక అంకుల్ నీ ఇంటిపేరు అడిగాడు. ఊరు అడిగాడు. ఊళ్ళో ఎక్కడ అని అడిగాడు. ఆ మూడో ప్రశ్న ఎందుకో అక్కడున్న అందరికీ తెలుసు. నువ్వు కోక్ తాగుతూ, "ఊరి చివర అంకుల్. బస్సు ముందు మా దగ్గరే ఆగుతుంది" అన్నావు. ఆయన నవ్వాడు, తర్వాత ప్లేటు పట్టుకుని వేరే టేబుల్‌కి వెళ్ళాడు. ఆయన పేరు కూడా ఈ ఉత్తరంలో రాయబుద్ధి కావడం లేదు.

ఇక ఆ రోజు.

మీ కొత్త సంవత్సరం పండగ. నీ కారు రిపేర్‌లో ఉందని నేనే దింపాను. దింపి వెళ్ళిపోవాల్సింది. ఎదురుగా రోడ్డు పక్క కారు ఆపుకుని ఫోన్‌లో వీసా గ్రూప్ మెసేజ్‌లు చూస్తూ కూర్చున్నాను. ఏడాదికోసారి వచ్చేవాళ్ళు కూడా ఆరోజు వస్తారు కాబట్టి గేటు దగ్గర కార్ల వరస. ప్రతి కారూ ఆగాలి, పాస్ చూపించాలి. నువ్వు పెట్టిన రూల్ కాదు, వాళ్ళ కమిటీ పెట్టినదే.

ఆ పెద్దమనిషి కారు వచ్చింది. ఆ కమిటీకి ఒకప్పుడు పెద్దగా ఉన్నాయన. పాస్ తీసుకురాలేదు. నువ్వు వంగి ఏదో చెప్పావు, చెయ్యి గుండె మీద పెట్టుకుని, నీ అలవాటు ప్రకారం. ఆయన గోడ మీద దాతల వరసలో ఉన్న తన ఇంటిపేరు వేలితో చూపించాడు. మొహం ఎర్రబడింది. పక్క గేటు వైపు తిరుగుతానన్నట్టు చెయ్యి ఊపాడు. ఆయనకి తిరగడానికి చోటు కావాలని, వెనక కారుని కాస్త జరపమని చెప్పడానికి నువ్వు వెనక్కి నడిచావు.

ఆయన కోసమే నడిచావు రా.

ఆయన వెనక్కి చూడలేదు. రివర్స్ గేర్ వేసి ఒక్కసారిగా తొక్కాడు. కోపంలో తలుపు ధడాలున వేసినట్టు, వెనకున్న నీ మీద కారుని వేశాడు.

పది నిమిషాల్లో గుడి మీద దాడి జరిగిందని ఊరంతా పాకింది. టీవీ వాన్‌లు వచ్చాయి. ఎవరో నాయకుడు మైకు ముందు నీ పేరు తప్పుగా పలికాడు. సాయంత్రానికి అది లోపలి మనిషి కారేనని తెలిసింది. వాన్‌లు వైర్లు చుట్టుకుని వెళ్ళిపోయాయి. నువ్వు ఇంకా ఆస్పత్రిలో ఊపిరి పీలుస్తూనే ఉన్నావు. దాడి కాదని తెలిశాక ఎవరికీ పని లేకపోయింది.

ఇప్పుడు అసలు విషయం చెప్పాలి. ఇన్ని పేరాలు రాసిందీ ఇది వాయిదా వెయ్యడానికే.

పోలీస్ ఆఫీసర్ నన్ను అడిగాడు. ఆయన కోపంగా కారు తీశాడా, మామూలుగానే తీశాడా, వాళ్ళిద్దరి మధ్య ఏదైనా గొడవ జరిగిందా అని. నాకు సరిగ్గా కనపడలేదు అన్నాను.

కనపడింది దానియేలూ. మొహం, వేలు, అద్దంలోకి చూడని తల... అంతా కనపడింది. నా హెచ్‌వన్ వీసా ఇంకా ప్రాసెస్‌లో ఉంది. కోర్టు, సాక్ష్యం, లాయర్లు, పేరున్న మనిషి... అవన్నీ ఒక్క క్షణంలో బుర్రలో తిరిగాయి. నోరు దానంతట అదే అబద్ధం ఆడింది. ఆ ఒక్క మాట మీద అది ప్రమాదం అయిపోయింది. ఫైలు మూసేశారు. ఆ పెద్దమనిషి మీద నాకు రోత ఉంది, వాళ్ళ కమిటీ మీద ఉంది, మన పిక్నిక్ అంకుల్ మీద ఉంది. పొద్దున పళ్ళు తోముకుంటూ అద్దంలో కనిపించేవాడి మీద వీటన్నిటికంటే ఎక్కువ ఉంది.

రెండో రోజు మధ్యాహ్నం నువ్వు పోయావు.

మీ నాన్నకి వీడియో కాల్ చేసింది నేనే. ఆయన ఏడవలేదు. విమానంలో పంపించవద్దు, మట్టికి ఆలస్యం చెయ్యకూడదు, అక్కడే మనవాళ్ళ మధ్య పెట్టించు బాబూ అన్నాడు. మనవాళ్ళు... ఆ మాటకి నేను సరేనన్నాను.

చనిపోయినవాళ్ళని పూడ్చేదాకా ఒంటరిగా వదలకూడదని నువ్వే నాకు చెప్పావు. ఆదివారాలు శవాల్ని ఉంచే ఫ్యూనరల్ హోమ్‌కి వెళ్ళి, ముక్కూ మొహం తెలియని ముసలివాళ్ళ శవాల పక్కన కుర్చీ వేసుకుని ప్రార్థనలు చదివి వచ్చేవాడివి. నేను భయపడేవాణ్ణి. స్నానం చేసి గదిలోకి రారా బాబూ అనేవాణ్ణి. "వాళ్ళకి ఇక ఎవరూ లేరు రా. వెళ్ళేదాకా ఎవరో ఒకరు కాపలా ఉండాలి కదా. ఇందులో తిరిగి థాంక్స్ చెప్పేవాళ్ళు ఉండరు, అదే బాగుంటుంది."

నీ పక్కన కూర్చోవడానికి ఎవరూ రాలేదు. ఆ పనికి పేర్లిచ్చిన వాళ్ళ జాబితా ఉందట. వాళ్ళ గ్రూప్‌లో మెసేజ్ వెళ్ళింది... నీ కాగితాలు పూర్తి కాలేదు కాబట్టి ఈ పద్ధతి నీకు వర్తిస్తుందో లేదో ముందు కనుక్కోవాలి, అంతవరకూ ఎవరూ రావద్దు అని. వాళ్ళ వాళ్ళ శవాలకి నువ్వు కాపలా కూర్చున్నప్పుడు నీ కాగితాలు ఎవరూ అడగలేదు. ఛీ.

నేను వెళ్ళాను. నీ సంచిలో ప్రార్థనల పుస్తకం దొరికింది. ఆ అక్షరాలు నాకు రావు. కానీ ప్రతి వరస కింద నువ్వు పెన్సిల్‌తో తెలుగు అక్షరాల్లో పలుకుబడి రాసుకున్నావు. అదే పైకి చదివాను. అర్థం తెలియదు, రాగం తెలియదు. ఎన్ని తప్పులు పోయానో. నువ్వు లేచి సరిదిద్దుతావేమో అని మధ్యమధ్యలో ఆగాను కూడా.

మా అమ్మ ఫోన్ చేసింది. శవం దగ్గర కూర్చున్నానంటే గుండె బాదుకుంది. మైల అంది, మనకెందుకు అంది, వాళ్ళ వాళ్ళు ఎవరూ లేరా అంది. లేరమ్మా అన్నాను.

సాయంత్రం తలుపు దగ్గర వాకర్ చప్పుడైంది. మిరియమ్ మామ్మ. నువ్విచ్చిన గోంగూర పచ్చడి తిని దగ్గి దగ్గి, మళ్ళీ పెట్టమన్న ఎనభై ఏళ్ళావిడ. గ్రూప్‌లో మెసేజ్ చూపించింది ఆవిడే. వానలో తనకి గొడుగు పట్టినవాడికి కాగితాలు చూడమని తనకెవరూ చెప్పనక్కరలేదు అంది. కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ మందిరంలో అందరూ ఒక్కలాంటి వాళ్ళు కాదని నీకు చెప్పాలి కదా, అందుకే రాస్తున్నాను. తెల్లారేదాకా ఇద్దరం వంతులు వేసుకున్నాం.

మిరియమ్ మామ్మ పొద్దున్నే పదిమందికి ఫోన్లు చేసి అరిస్తేగానీ చోటు ఇవ్వలేదు. ఇచ్చింది ఎక్కడో తెలుసా? మందిరం పక్కనే ఉన్న సమాధుల స్థలంలో, గేటు వైపు చివరి వరసలో, కంచె పక్కన. ఊరి చివరే మళ్ళీ. నువ్వైతే, గేటు ముందు మా దగ్గరే తగులుతుంది అనేవాడివి. నిజంగానే తగులుతుంది. నేను రెండు వారాలకోసారి వచ్చినప్పుడు నీ దగ్గరికే ముందు వస్తాను.

తర్వాత మొదలైంది అసలు తంతు. గోంగూర సీసా పట్టుకుని, నెత్తిన మీ ప్రార్థన టోపీతో, పసుపు జాకెట్‌లో నువ్వు నవ్వుతున్న ఫోటో ఉంది చూడు, మామ్మ తీసింది. మన తెలుగువాళ్ళు దాన్ని పోస్టర్ వేశారు. "మన తెలుగు తేజం" అట. టోపీ కత్తిరించేశారు. కింద బిర్యానీ హోటల్ ప్రకటన, రియల్ ఎస్టేట్ ఏజెంట్ ఫోన్ నంబర్. కొవ్వొత్తులు పట్టుకున్న వరసలో ముందు నిలబడింది పిక్నిక్ అంకులే. వాళ్ళ మందిరం పత్రికలోనూ అదే ఫోటో. అక్కడ టోపీ ఉంది, గోంగూర సీసా లేదు. ఇండియా నుంచి వచ్చిన మా బిడ్డ అని రాశారు. బతికుండగా పదోవాడివి కాలేదు, చచ్చాక బిడ్డవి అయిపోయావు.

ఇప్పుడు గేటు దగ్గర ఒక బల్ల వేశారు. నీ జ్ఞాపకార్థం. ఎవరు వేయించారో ఊహించు. అవును, ఆయనే. ఇత్తడి పలక మీద నీ పేరు ఉంది, కింద ఆయన ఇంటిపేరు ఉంది. ఆయన ఇంటిపేరు అక్షరాలే పెద్దవి. నువ్వు ఏనాడైనా అక్కడ కూర్చున్నావా? నిలబడే చోట బల్ల ఎందుకు?

నేను ఆదివారం ఆ బల్ల పక్కన నిలబడి వాళ్ళ కాగితం చదవాలి. ఏముంది, చదివేస్తే పోయేదేంటి అని చాలా రోజులు అనుకున్నాను. వీరుడివంటే మీ నాన్నకి కూడా బాగుంటుంది కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

అప్పుడు నీ మాట గుర్తొచ్చింది. గుర్రం మీది కుర్రాడి గురించి నువ్వు ఇదే టేబుల్ దగ్గర చెప్పింది. "నాకు ఐదేళ్ళప్పుడు తాత చెప్పిన కథలో వాడు గుర్రం మీంచి పడి చచ్చిపోయాడు. పదేళ్ళొచ్చేసరికి ముగ్గురు దొంగలతో కొట్లాడి చచ్చిపోయాడు. ఇంటర్‌కి వచ్చేసరికి ముప్పైమంది. పడి చచ్చినా వాడు కావలివాడే కదా రా. ముప్పైమందిని ఎందుకు పుట్టించాలి? వాణ్ణి వాడిలా పోనివ్వరా?"

నిన్ను నీలా పోనివ్వలేదు రా మేము. నేనే ముందు.

పోయిన వారం మీ నాన్నకి ఫోన్ చేసి జరిగింది మొత్తం చెప్పాను. నేను ఆడిన అబద్ధం కూడా. అంతా విని, మా పద్ధతి ప్రకారం వాడి సమాధి మీద పెట్టడానికి ఒక రాయి పంపిస్తున్నాను, మీ కొత్త రూమ్మేటు స్నేహితుడు అక్కడికి వస్తున్నాడుగా, వాడి దగ్గర తీసుకో అన్నాడు. అంతే అన్నాడు. నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేది...

రాయి నిన్న చేరింది. తణుకు కుర్రాడి స్నేహితుడు సాక్సులో చుట్టి తెచ్చాడు. గుండ్రటిది, గోలీ కంటే పెద్దది. మీ తాత వడిసెలలో పెట్టి విసిరేవాటిలో మిగిలిందట.

రేపు ఆఫీస్‌కి సెలవు పెట్టాను. ఆ పోలీస్ ఆఫీసర్‌ని కలిసి, నాకు కనపడింది కనపడినట్టు రాసిస్తాను. ముందు ఎందుకు చెప్పలేదని అడుగుతాడు. భయపడ్డానని చెబుతాను. వీసా సంగతి నేను ఎవరినడిగితే ఆ స్నేహితులందరూ వద్దన్నారు. అందరి సలహా విన్నాను. వినడం అయిపోయింది.

ఆదివారం వాళ్ళ కాగితం జేబులోనే ఉంటుంది. నీ మీద మీ తాత రాయి పెట్టి, మూడు నిమిషాలూ కారు గురించే చెబుతాను. మధ్యలో మైకు తీసేస్తే, మైకు లేకుండా చెబుతాను. మామ్మ ముందు వరసలో కూర్చుంటానంది. తర్వాత నన్ను ఆ గేటు లోపలికి రానిస్తారో లేదో తెలియదు. నువ్వున్న చోటికి గేటు దాటాల్సిన పని లేదు కదా, కంచె అవతలి నుంచి కూడా కనిపిస్తావు.

పై అరలో నీ ప్లేట్లు వేరేగానే ఉన్నాయి. ఈసారి అవి నేను పెట్టాను. నేనున్నంత కాలం వాటికి కాపలా నాది.

నీ రూమ్మేట్,
వంశీ